జాగా పట్టిన కుర్చీ

గురువారం ఉదయం రూడీ హ్రింకో వేసుకున్న పథకం చిన్నది. తొమ్మిదిన్నరకి మెట్లెక్కే కుర్చీని చర్చి ముందు దింపాలి. ఇంటికెళ్లి భార్య వెర్నాని తీసుకురావాలి. పదింటికి చర్చి బీమా కంపెనీ మనిషి వచ్చి, కుర్చీ పంతొమ్మిది మెట్లూ ఎక్కడం చూసి సంతకం పెడతాడు. పదిన్నరకి వెర్నా పైన వంటహాలులో, కిటికీ పక్కన తన చోట కూర్చుని, కజ్జికాయల్లా కూరి మడిచే పిరోగీల అంచులు నొక్కుతూ ఉంటుంది.

ముప్పై ఒక్క ఏళ్లు నొక్కిందామె. మోకాళ్లు పోయాక రెండేళ్లుగా ఇంట్లోనే ఉంది. ఇప్పుడు ఈస్టర్ ముందు మాంసం మానే ఉపవాసాలు. శుక్రవారం చర్చిలో అమ్మకానికి రెండు వందల డజన్ల పిరోగీలు కావాలి, చేతులు చాలడం లేదు. ఈ వారం రాకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తానని వంటహాలు పెద్ద ఓల్గా కబురు పెట్టింది. ఓల్గా అన్నదంటే చేస్తుంది.

రూడీ ఉక్కు మిల్లులో నలభై ఏళ్లు లేతు మీద పనిచేశాడు. మాట తక్కువ. మంచు తోసే పాత యంత్రం మోటారూ, గొలుసు పట్టాలూ విప్పి, వాటి మీద కుర్చీ బిగించాడు. నేలమాళిగ మెట్ల మీద బంగాళాదుంపల బస్తాని వందసార్లు ఎక్కించి దించాడు. చర్చి మెట్ల మీద మాత్రం ఒక్కసారీ పెట్టలేదు. తమ మనిషి చూసి సంతకం పెట్టేదాకా ఆ కుర్చీ చర్చి మెట్టును తాకరాదని బీమా కంపెనీ ఉత్తరం రాసింది. ఓల్గా దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించింది.

ఆ పూట చర్చి ముందు కాలిబాట నిండా బస్తాలున్నాయి. రూడీ కుర్చీని రోడ్డు అంచున, కార్లు ఆపే ఖాళీలో దింపి వెళ్లిపోయాడు.

పిట్స్‌బర్గ్ కొండ వీధుల్లో రోడ్డు అంచున కుర్చీ ఉందంటే అర్థం ఒక్కటే. ఆ జాగా ఎవరో పట్టుకున్నారు. దాన్ని ఎవరూ కదపరు. శవాన్ని తెచ్చిన బండి కూడా చుట్టు తిరిగి పోతుంది.

ఎదురింటి చెస్టర్ వరండాలోంచి చూశాడు. కుర్చీ రూడీదని తెలుసు. జాగా పట్టాడు కాబోలు అనుకుని కాపలా కూర్చున్నాడు.

పావు తక్కువ పదికి బీమా మనిషి విట్కమ్ వచ్చాడు. కారు ఆపి, దిగి, కుర్చీ మీద చెయ్యి వేశాడు.

"ఏమయ్యా, ఆ కుర్చీ జోలికి పోకు," అన్నాడు చెస్టర్.

"నేను దీన్ని చూడ్డానికే వచ్చానండీ."

"చూశావుగా. ఇక బయల్దేరు."

"పరీక్ష చెయ్యాలండీ. ఇవిగో కాగితాలు."

"పోయిన చలికాలం జాగా కోసం ఒకడు కడుపుతో ఉన్న పెళ్లాన్ని చూపించాడు. తీరా చూస్తే అది దిండు. ఇంతకీ ఏ ఊరు మీది?"

"క్లీవ్‌లాండ్."

"ఆ ముక్క ముందే చెప్పాల్సింది," అని చెస్టర్ లేచి నిలబడ్డాడు. ఫుట్‌బాల్‌లో పిట్స్‌బర్గ్‌కి పాత శత్రువు ఆ ఊరు.

విట్కమ్ కారెక్కి వీధులన్నీ తిరిగాడు. ప్రతి ఖాళీలోనూ ఒక కుర్చీ ఉంది. ఒకచోట ఇస్త్రీబల్ల ఉంది. చివరికి కొండ కింద కారు పెట్టి, ఊరి మెట్లదారిన ఎక్కడం మొదలుపెట్టాడు. అవి నూట నలభై రెండు. సరిగ్గా సగంలో చీలమండ మడతపడింది. అక్కడే కూలబడి చర్చికి ఫోన్ చేశాడు.

అప్పుడే రూడీ వ్యాన్‌లో వెర్నాతో వచ్చాడు. ఓల్గా పైకిటికీలోంచి తల బయటపెట్టింది.

"రూడీ, నీ బీమా ఆయన మెట్లదారిలో పడ్డాడట. పైకి రాలేడు, కిందికి పోలేడు."

రూడీ వ్యాన్‌ని నడివీధిలోనే వదిలేసి కుర్చీ తీసుకుని వెళ్లాడు. ఖాళీ అయిన జాగాలో వ్యాన్ పెట్టాలని అతనికి తోచలేదు. చెస్టర్‌కీ తోచలేదు. అతను ఇంట్లోంచి వంటింటి కుర్చీ ఒకటి తెచ్చి జాగాలో వేసి, రూడీ వెంట పరుగెత్తాడు. వ్యాన్ వెనక నాలుగు కార్లు ఆగి హారన్లు మోగించాయి. వెర్నా అద్దం దించింది.

"కొట్టండి నాయనా, కొట్టండి. రెండేళ్లు ఆగినదాన్ని, నాకేం తొందర?"

కుర్చీ డెబ్బై ఒక్క మెట్లు దిగింది. విట్కమ్‌ని ఎక్కించుకుని డెబ్బై ఒక్కటీ ఎక్కింది. అతను కళ్లు మూసుకుని కూర్చున్నాడు. "ఐస్ కావాలి," అన్నాడు. "ఓల్గా దగ్గరుంది," అన్నాడు చెస్టర్. కుర్చీ ఆగకుండా చర్చి మెట్ల మీదికి పోయింది. ఉత్తరం సంగతి రూడీకి పద్నాలుగో మెట్టు మీద గుర్తొచ్చింది. మధ్యలో ఆపడం ప్రమాదమని ఆపలేదు.

పైన ఖాళీగా ఉన్న చోటు ఒక్కటే, కిటికీ పక్కది. విట్కమ్‌ని అక్కడ కూర్చోబెట్టి, కాలికి ఐస్ కట్టి, ఓల్గా అతని ముందు పిండి పళ్లెం పెట్టింది.

"కాలికి కదా దెబ్బ, చేతులు బాగానే ఉన్నాయిగా."

అతను నొక్కడం మొదలుపెట్టాడు. కింద నుంచి వెర్నా చూసింది.

"ఓల్గా, నా చోట్లో ఎవరే అది?"

"క్లీవ్‌లాండ్ ఆయన."

"ఎలా నొక్కుతున్నాడు?"

"అడక్కులే."

రెండు డజన్లు అయ్యాక విట్కమ్ తనను కిందికి దించమన్నాడు. ఓల్గా ఫ్రిజ్ మీది ఉత్తరం తెచ్చి చదివింది. సంతకం లేని కుర్చీలో చర్చి మెట్ల మీద ప్రయాణించేవారికి ఏమి జరిగినా కంపెనీ పూచీ లేదు. కింద విట్కమ్ పేరే ఉంది.

"మీరిద్దరూ మోసుకెళ్లండి," అన్నాడు విట్కమ్.

"మా ఇద్దరి వయసూ కలిపితే నూట యాభై రెండు," అన్నాడు చెస్టర్.

"పోనీ అంబులెన్స్ పిలవండి."

"పిలుస్తాం. ఎక్కడ ఆపుతారు? జాగాలో నా కుర్చీ ఉంది."

విట్కమ్ తన కాగితాలు బయటికి తీశాడు. "పక్కన నిలబడి చూసి సంతకం పెట్టాలని నియమం. నేను చూడలేదు, కూర్చున్నాను," అన్నాడు.

రూడీ ఆ రోజంతటికీ పొడుగైన మాట ఒకటి అన్నాడు. "కూర్చున్నవాడికి తెలిసినంత నిలబడి చూసినవాడికి తెలుస్తుందా?"

విట్కమ్ పిండి చేత్తోనే సంతకం పెట్టాడు. కుర్చీ అతన్ని దింపి వచ్చి, వెర్నాని ఎక్కించుకుని పంతొమ్మిది మెట్లూ ఎక్కింది. కిటికీ పక్క చోటు ఖాళీగానే ఉంది. ఓల్గా పిండి పళ్లెం కొంచెం ముందుకి జరిపింది.

వెర్నా చేతులు కడుక్కుని కూర్చుని, విట్కమ్ నొక్కిన ఇరవై నాలుగూ విప్పి మళ్లీ నొక్కింది.