ఇంటి దారి ఇచ్చేవారి సంతకం

మోక్షితకు బడిలో నేర్పబోయే ఇంటి దారిని ఇంట్లో ఎవరు వదులుకోవాలన్న వాదన ఆదివారం పొద్దున్న ఇడ్లీల దగ్గర మొదలై, మధ్యాహ్నం పప్పుచారు వడ్డించే వేళకు కూడా తెగలేదు. తన వల్ల కాదని భానుప్రసాద్ అప్పటికి మూడుసార్లు చెప్పాడు. నీరజ ఒక్కసారే చెప్పింది గాని, చెప్పేటప్పుడు గరిటెను గిన్నెలో కాస్త గట్టిగానే పెట్టింది. ఆమె అత్తగారు సీతారావమ్మ ఏ పక్కా మాట్లాడకుండా మజ్జిగ పోసుకుంది. ఐదేళ్ళ మోక్షిత మాత్రం బడి నుంచి వచ్చిన నీలం చీటీ మూలన అచ్చువేసిన చిన్న ఇంటి బొమ్మకు, గీత దాటకుండా, ఎర్ర రంగు వేస్తోంది.

బాపట్లలో వాళ్ళ పక్క వీధి చివర ఉన్న కిండర్‌గార్టెన్ కూడా మిగతా బళ్ళలాంటిదే. పిల్లలకు ఏదైనా నేర్పాలంటే అది ఎక్కడి నుంచో రావాలి, గాల్లోంచి రాదు. అందుకని ప్రతి శుక్రవారం డైరీలో ఒక నీలం చీటీ పెట్టి పంపుతారు. వచ్చే వారం పాఠం, ఇచ్చేవారి పేరు, బిడ్డకు ఏమవుతారు, సంతకం. సోమవారం తొమ్మిదింటికల్లా చీటీ ఉష టీచర్ చేతికి అందితే, పదకొండింటికి ఆ పాఠం బిడ్డకు వస్తుంది, ఇచ్చినవారికి పోతుంది. అలా పోయింది మళ్ళీ రాదు. ఇచ్చేవారు ఆ ఇంట్లో ఉండేవారే అయివుండాలని చీటీ వెనక నియమాల్లో ఉంది. పనిమనిషి, ఆటో డ్రైవరు, ట్యూషన్ మాస్టారు చెల్లరు. చీటీ రాని బిడ్డను మరో ఏడు అదే క్లాసులో కూర్చోబెడతారు.

జూన్‌లో మొదటి పాఠం, కూర్చున్నచోట పది నిమిషాలు కుదురుగా కూర్చోవడం. దాన్ని భానుప్రసాద్ ఇచ్చాడు. అప్పటినుంచి రిజిస్ట్రేషన్ ఆఫీసులో అతను ఒక కుర్చీలో నిలవలేక ఫైలు పట్టుకుని అన్ని బల్లల చుట్టూ తిరుగుతున్నాడు. పై అధికారి అది చూసి చురుకైన మనిషని మెచ్చుకున్నాడు. జూలైలో చెప్పులు కుడి ఎడమ చూసి వేసుకోవడం వచ్చింది. సీతారావమ్మ ఇచ్చింది. ఇప్పుడు ఆవిడ గురువారం భజనకు బయల్దేరితే మోక్షిత ముందే వెళ్ళి గడప దగ్గర గొంతుక్కూర్చుని, నాయనమ్మ చెప్పులు సరిగ్గా పెట్టి, "ఇది ఈ కాలికి, ఇది ఆ కాలికి" అని ఒక్కో పాదం తట్టి చెబుతుంది. ఆవిడ బుద్ధిగా వేసుకుంటుంది.

తక్కిన చీటీల్లో చాలావాటి మీద నీరజ సంతకమే ఉంది. గీత దాటకుండా రంగు వేయడం ఇచ్చాక ఆమె ముగ్గు గుమ్మం దాటి, గేటు దాటి, పక్కింటి రాజ్యంగారి వాకిట్లోకి వెళ్ళిపోతోంది. రాజ్యంగారు దాన్ని వదిలి, అవతల మిగిలిన చోట తన ముగ్గు వేసుకుంటోంది. ఒంటికాలి మీద గెంతడం ఇచ్చింది. పాట ఇచ్చింది. అక్టోబరులో తన పేరు తాను గట్టిగా చెప్పడం ఇచ్చింది. గ్యాస్ కంపెనీ వాళ్ళు ఫోన్ చేసి ఎవరండీ అంటే "మోక్షిత అమ్మనండీ" అంటుంది. ఇది కొత్తగా వచ్చిన మార్పని ఇంటా బయటా ఎవరికీ తట్టలేదు.

డిసెంబరులో పంచుకుని తినడం అనే పాఠాన్ని భానుప్రసాద్ తనే అడిగి సంతకం పెట్టాడు. మర్నాడు ఉష టీచర్ డైరీలో, అందినది ఒక పూటకు కూడా చాలలేదనీ, మిగతాది ఇంకెవరైనా పంపగలరనీ ఎర్ర సిరాతో రాసింది. నీరజ పంపింది. ఆ తర్వాత గిన్నెలో చివరి గారె మిగిలితే నీరజ దాన్ని ఎవరి ముందుకూ తొయ్యకుండా తనే తినడం మొదలుపెట్టింది. సీతారావమ్మ ఒకటి రెండుసార్లు వింతగా చూసి, తర్వాత ఇంకో నాలుగు గారెలు ఎక్కువ వేయడం అలవాటు చేసుకుంది.

ఇప్పుడు ఏప్రిల్. ఏడాదికి ఆఖరి పాఠం ఇంటి దారి. వచ్చే శనివారం పిల్లలకు నల్ల గౌన్లు, నాలుగు పలకల టోపీలు పెట్టి గ్రాడ్యుయేషన్ చేస్తారు. ఫోటోలు అయ్యాక గేటు తీస్తారు. ఒక్కొక్కరే ఎవరి ఇంటికి వాళ్ళు నడిచి వెళ్ళాలి. వెనక పది అడుగుల దూరంలో ఒక ఆయా వస్తుంది గాని దారి చెప్పదు.

"నేను దారి మర్చిపోయి ఆఫీసులోనే ఉండిపోతే ఈ ఇంటి సంగతేంటి?" అన్నాడు భానుప్రసాద్ చెయ్యి కడుక్కుంటూ.

"ఇప్పుడు మాత్రం ఎన్నింటికి వస్తున్నారు?"

"ఎన్నింటికైతేనేం. వస్తున్నానా లేదా?"

వస్తున్నాడని నీరజ ఒప్పుకుంది. అమ్మను అడగడానికి లేదు, పెద్దావిడ తప్పిపోయిందంటే పేపర్లో ఫోటో వేయించాలి, నలుగురూ మనల్నే అంటారు అన్నాడు. అదీ ఒప్పుకుంది. అప్పుడతను కోపంగా కాకుండా, ఆఫీసుకు వచ్చినవాళ్ళకు ఏ కాగితం జతచేయాలో వివరించే గొంతుతో, "దారి కావాల్సింది వెళ్ళేవాళ్ళకు. ఇంట్లోనే ఉండే మనిషికి ఇంటి దారి ఎందుకు చెప్పు?" అన్నాడు. ఆ మాటలో తప్పెక్కడుందో నీరజ వెతికింది గాని దొరకలేదు. ఇచ్చేవారి పేరు దగ్గర అతను "మోక్షిత అమ్మ" అని గుండ్రటి అక్షరాలతో రాసి, సంతకం చోటు వదిలి, చీటీని ఫ్రిజ్ మీద పెట్టి పడుకోవడానికి వెళ్ళాడు.

నిజానికి నీరజ వెళ్ళే చోట్లు ఎక్కువ లేవు. బడి, రైతుబజారు, జాకెట్లు కుట్టే రహీమా ఇల్లు. తిరిగి వచ్చేటప్పుడు ఇస్త్రీ బండి దగ్గర మలుపు తిరుగుతుంది. తిరగ్గానే మేడ మీద తను ఆరేసిన బట్టలు కనిపిస్తాయి. మోక్షిత యూనిఫాం, అత్తగారి చీర, భానుప్రసాద్ చొక్కాలు. చేతిలో సంచులు ఎంత బరువుగా ఉన్నా అక్కడ ఆమె నడక తేలికవుతుంది. రేపు పదకొండు తర్వాత అదే మలుపులో నిలబడి, ఎవరో బట్టలు ఆరేసుకున్నారు అనుకుంటుంది. అలాగని పిల్లను మరో ఏడు అదే బెంచీ మీద కూర్చోబెట్టడానికీ మనసొప్పడం లేదు. మోక్షితకు ఇంటి దారి రావాలి. వీధిలో ఎక్కడ వదిలినా కళ్ళు మూసుకుని ఇంటికి వచ్చెయ్యాలి.

పెరటి గుమ్మంలో సీతారావమ్మ చాట ముందు పెట్టుకుని మునగాకు దూస్తోంది. నీరజ కూడా ఒక రెమ్మ తీసుకుని కూర్చుంది.

"నన్ను అడగడానికి లేదన్నాడు గదా మీ ఆయన," అంది సీతారావమ్మ. "అడిగినా ఏం లాభంలే. నా దగ్గర లేదు."

"ఏం లేదత్తయ్యా?"

"ఈ ఇంటి దారి. వాడు ఒకటో తరగతిలో ఉండగానే పోయింది. అప్పుడు చీటీలెక్కడివి, సంతకాలెక్కడివి. అడిగేవాళ్ళే లేరు."

కిరోసిన్ తేవడానికి డబ్బా పట్టుకుని వెళ్ళిందట. కొట్టు మెట్లు దిగాక ఎటు తిరగాలో తెలియలేదు. కాళ్ళు మాత్రం ఆగలేదు. నేరుగా బస్టాండుకు వెళ్ళి పర్చూరు బస్సెక్కాయి. ఒళ్ళో కిరోసిన్ డబ్బాతో పుట్టింట్లో దిగింది. వాళ్ళమ్మ ఎందుకొచ్చావని అడగకుండా మజ్జిగన్నం పెట్టింది. మూడో రోజు మామగారు పిల్లాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. వాడు ముందు నడిచాడు, ఆవిడ వెనక నడిచింది.

"ఆ తర్వాత ముప్పై ఏళ్ళు ఒక్కదాన్నే గడప దాటలా," అంది సీతారావమ్మ. "ఇంటిపట్టున ఉండే ఇల్లాలని ఊరంతా మెచ్చుకుంది."

"మరి గురువారం భజన?"

"రాజ్యం కొంగు పట్టుకుని వస్తా. దానికి తెలుసులే. దానిదీ ఎప్పుడో పోయింది. దాని కూతురు గుడి దాకా ఎదురొస్తది."

నీరజ చేతిలో మునగాకు అలాగే ఉండిపోయింది. చీరాలలో ఉన్న తన తల్లి గుర్తొచ్చింది. ఇక్కడికి అరగంట ప్రయాణం. అయినా ఆవిడ తనంతట తాను ఎన్నడూ రాలేదు. మోక్షిత పుట్టినప్పుడు కూడా తమ్ముడు తీసుకువస్తేనే వచ్చింది. ఎప్పుడు పిలిచినా "ఎవరో ఒకరు తీసుకురావాలి గదమ్మా" అనేది. అల్లుడు వచ్చి మర్యాదగా పిలవాలని ఆ పట్టు కాబోలనుకుని, నీరజ రెండేళ్ళుగా పిలవడం మానేసింది. ఒకటో తరగతిలో తను మొట్టమొదటిసారి బడి నుంచి ఒంటరిగా ఇంటికి వచ్చిన సాయంత్రం బాగా గుర్తుంది. మగ్గాల షెడ్డు దాటి సందులోకి తిరిగేసరికి అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. పరుగెత్తుకుని ఎదురు రాలేదు. గుమ్మం దాటకుండానే రెండు చేతులూ చాచింది.

"ఈ దారి పోతే కాళ్ళు పాత దారి పడతాయి," అంది సీతారావమ్మ, చాట తట్టి పుల్లలు ఏరుతూ. "అంతకుమించి ఏం కాదు. నా పాత దారి ఇంకా ఉంది. అక్కడ ఇల్లే లేదు. నీకు ఉంది గదా, మీ అమ్మ ఉంది గదా."

నాలుగింటికి భానుప్రసాద్ లేచాడు. నీరజ పునుగులు వేసి, అల్లం టీ పెట్టి, అందరినీ వసారాలోకి పిలిచింది. భానుప్రసాద్ గ్లాసు పట్టుకుని గుమ్మానికీ కిటికీకీ మధ్య తిరుగుతూ తాగుతున్నాడు. మోక్షిత లోపలి నుంచి తన ఐడీ కార్డు తెచ్చింది. రెండు జడలతో దిగిన ఫోటో, దాని కింద ఇంటి నంబరు, వీధి, నాన్న ఫోను, వెనకవైపు "తప్పిపోయినచో ఈ చిరునామాకు చేర్చగలరు" అన్న అక్షరాలు.

"నాకిక అక్కర్లేదంట," అంది మోక్షిత. "ఎవరు దారి ఇస్తే వాళ్ళకి వెయ్యమంది టీచరు. వంగు అమ్మా."

నీరజ వంగింది. పిల్లలకు కొలిచి కట్టిన తాడు గనక అది తల దగ్గర పట్టేసింది. మోక్షిత ఓపిగ్గా ఒక్కో చెవి దాటించి కిందికి లాగింది. కార్డు మెడకు ఆనుకుని నిలబడింది. "ఇప్పుడు తప్పిపోవు," అని పిల్ల దాన్ని ఒకసారి తట్టింది.

నీరజ ఫ్రిజ్ మీది చీటీ తీసి, సంతకం పెట్టి, డైరీలో ఉంచింది. ఇంత సేపు రాద్ధాంతం దేనికో అన్నట్టు భానుప్రసాద్ ఊపిరి పీల్చుకుని పునుగు అందుకున్నాడు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని, టీ ఒక గుక్క తాగి, అందరికీ వినపడేలా, నెమ్మదిగా చెప్పింది.

"రేపు తొమ్మిదింటికి పాపను దింపి చీటీ ఇస్తాను. పదకొండు దాటాక నాకు మిగిలేది చీరాల దారి ఒక్కటే. కనుక అక్కడికే వెళ్తాను. రేపనే కాదు, ఎప్పుడు గడప దాటినా అక్కడికే వెళ్తాను. సాయంత్రాలు మా అమ్మను బయట తిప్పి ఇంటికి తీసుకొస్తాను. ఆవిడ దారి నా దగ్గరే ఉంది. శనివారం గ్రాడ్యుయేషన్ అయ్యాక మీరు పాపను తీసుకుని రండి. అది ముందు నడిస్తే నేను వెనక వస్తాను."

భానుప్రసాద్ తిరగడం ఆపాడు. జూన్ తర్వాత అతను ఒకచోట అంతసేపు నిలబడటం అదే మొదలు. దరఖాస్తులో తక్కువైన కాగితం కోసం చూసినట్టు ఆమె ముఖంలోకి చూసి, "మరి వంట?" అన్నాడు.

"పెద్దవాళ్ళు నేర్చుకోడానికి చీటీ అక్కర్లేదురా," అంది సీతారావమ్మ. "చెయ్యి కాలితే అదే వస్తుంది. నేను కూడా దీనితోపాటు వెళ్తున్నా."

మోక్షిత గడప దగ్గరికి వెళ్ళి అమ్మ చెప్పులూ నాయనమ్మ చెప్పులూ పక్కపక్కన, మొనలు గేటువైపు ఉండేలా సర్దింది. భానుప్రసాద్ వాటిని కాసేపు చూశాడు. నియమాల్లో అభ్యంతరమేమీ కనిపించలేదు. గ్లాసులో మిగిలిన టీ తాగేసి, చీరాలకైతే బస్సు కంటే రైలే నయం అన్నాడు.