సర్పంచ్ అభ్యర్థి చెంపలు ముట్టరాదు

కోడేరు మండలంలోని మా ఊరి ప్రజలకు తెలియజేయడమేమనగా, సర్పంచ్ అభ్యర్థి జగదీశ్ గారి ముఖంలోని గుంటలన్నీ విజయవంతంగా పూడ్చబడినవి. రోడ్డు మీది గుంటలు యథాతథంగా ఉన్నవి.

ఈ అభివృద్ధికి కారణం ఫ్లెక్సీలు. వాటి మీద ఉన్నది ఆయన పెళ్లినాటి ఫోటో. కింద నిలబడి దండం పెట్టే మనిషి ఆ ఫోటోకు మేనమామలా ఉన్నాడని ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి. అనుచరులు అత్యవసరంగా సమావేశమై, మార్చవలసింది ఫ్లెక్సీలనా, ముఖాన్నా అని చర్చించారు. ఫ్లెక్సీలు చూస్తే స్తంభానికొకటి, ముఖం ఒక్కటే. పదవి దక్కాలంటే ముందు పెదవి నిండాలని ముఖ్య అనుచరుడు కృష్ణయ్య సెలవిచ్చాడు. తీర్మానం ఏకగ్రీవమైంది.

హైదరాబాద్‌లో డాక్టరమ్మ సూదితో చర్మం కింద ఫిల్లర్ నింపింది. అదొక జిగురు మందు. ఏడాది తిరిగేసరికి కరిగిపోతుంది, మేనిఫెస్టో కంటే కాస్త ఎక్కువే నిలుస్తుంది. రెండు వారాల పాటు ఎవ్వరినీ చెంపలు ముట్టనివ్వొద్దని, నొక్కితే మందు పక్కకు జరుగుతుందని ఆమె హెచ్చరించింది. పాపం, ఆమెకు పాలమూరు ఎన్నికల నియమావళి తెలియదు. ఇక్కడ అభ్యర్థి వాకిట్లోకి రాగానే ఇంటి ముసలమ్మ రెండు చేతులతో అతని చెంపలు నిమిరి, తన కణతల మీద మెటికలు విరవాలి. మెటికలు ఎంత గట్టిగా విరిగితే ఆ ఇంటి ఓట్లు అంత గట్టివి.

చెంపలిస్తే ముఖం జారుతుంది. ఇవ్వకపోతే పదవి జారుతుంది. పోలింగ్ చూస్తే వచ్చే వారమే. అసలు సంగతి చెబుదామంటే, ఆ నునుపంతా ప్రజాసేవ వల్ల వచ్చిందని అప్పటికే మైకులో ప్రకటించేశారు.

మొదటి గడప సొంత చిన్నమ్మ గౌరమ్మది. ఆమె చేతులు చాపగానే జగదీశ్ వెనక్కి జరిగాడు.

"జర ముట్టకు చిన్నమ్మా."

"ఏందిరా, నా చేతులకు పెండ అంటిందా?"

"అన్న బీచుపల్లి అంజన్న దీక్షల ఉన్నడు పెద్దమ్మా," అన్నాడు కృష్ణయ్య.

"గట్లనా. మరి నిన్న మా పద్మోల్ల ఇంట్ల కోడి బొక్కలు చీకింది ఎవలు?"

ఆ పెద్ద వీధిలో ప్రతి గడపా అంతే. చాపిన చేతులు చాపినట్టే ఉండిపోయాయి, మెటికలు విరగలేదు, మనసులు విరిగాయి.

చివరికి బృందం ఊరవతలి దళితవాడకు చేరింది. అక్కడ ఎవరూ చేతులు చాపలేదు. అందరూ నాలుగడుగుల దూరంలో ఒద్దికగా నిలబడ్డారు. జగదీశ్‌కు ప్రాణం లేచివచ్చింది. అక్కడికక్కడే ఉపన్యసించాడు: "సోదర సోదరీమణులారా, మీ క్రమశిక్షణ చూసి నా గుండె ఉప్పొంగుతున్నది. యావత్ గ్రామం మిమ్మల్ని ఆదర్శంగా తీసుకోవాలి."

ముందు వరుసలోని జములమ్మ కొంగు సర్దుకుంది.

"గిది మీ నాయన నేర్పిందే బిడ్డా," అంది.

జగదీశ్ నవ్వబోయాడు. ఫిల్లర్ ఒప్పుకోలేదు.

సాయంత్రానికి ఈ ముచ్చట పెద్ద వీధికి చేరింది. గౌరమ్మ అరుగు మీద న్యాయ విచారణ జరిగింది. వాడలో దూరం నిలబడ్డాడా? నిలబడ్డాడు. అందులో ఎవరికీ తప్పు కనబడలేదు. మన దగ్గరా దూరమే నిలబడ్డాడా? నిలబడ్డాడు. అరుగు భగ్గుమంది.

"అంటే మనం గూడ వాల్ల లెక్కనేనా?" అంది గౌరమ్మ.

ఆ ప్రశ్నకు జవాబు బ్యాలెట్ పెట్టెలో వచ్చింది. జగదీశ్ చిత్తుగా ఓడిపోయాడు. రాజ్యాంగం ఇన్నేళ్లుగా తేలేకపోయిన సమానత్వాన్ని ఒక్క సూదితో ఊరికి తెచ్చిన మహానుభావుడు ఆయన. ఊరు ఒక్క వారం కూడా ఓర్చుకోలేకపోయింది.

గెలిచిన శివశంకర్‌ది ముడతల ముఖమే. ట్రాక్టర్ మీద ఊరేగుతూ పెద్ద వీధిలో గడపగడపకూ దిగి, రెండు చెంపలూ అప్పగించాడు. మెటికలు టపాకాయల్లా పేలాయి. వాడ మలుపు రాగానే ట్రాక్టర్ వెనక్కి తిరిగింది. దారి ఇరుకట.

నవ్వుతున్నారా? నవ్వండి. కానీ మీ ఊళ్లో ట్రాక్టర్ ఎక్కడిదాకా పోయి తిరుగుతుందో ఒకసారి చూసొచ్చి నవ్వండి.