షెల్టరు తలుపు తీసిన పాపం

ఆ పొద్దున కోటేష్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదింటికల్లా సముద్రం ఒడ్డున ఏదో ఒక పాకలో సామాను పడేయాలి, ఒళ్లంతా రుద్దుకుని స్నానం చేయాలి, సాయంత్రం దాకా నిద్రపోవాలి. అంతకుమించి ఆ మనిషి దేవుణ్ణి ఏమీ అడగలేదు. ముందురోజు రాత్రి భార్యాభర్తలిద్దరూ పర్చూరు దగ్గర తెలిసిన రైతు మిరప కల్లంలో, కాపలా గుడిసెలో పడుకున్నారు. పడుకున్నారనడం మర్యాద కోసం. నిజానికి ఎండుమిరపకాయల ఘాటుకు తెల్లవార్లూ తుమ్ముతూ కూర్చున్నారు.

ఈ తిరుగుడు నాగజ్యోతి ఆలోచన. ఎవరో కుర్ర జంట ఊళ్లూ తీరాలూ తిరుగుతూ గుడిసెల్లో, పాకల్లో బస చేసే వీడియోలు చూసీ చూసీ, మనమూ మూడు రోజులు స్కూటరు మీద అలా తిరగాల్సిందే, హోటలు గడప తొక్కకూడదు అని పట్టుబట్టింది. ఇంటర్ పరీక్షలు అయిపోయాయి. బ్రాడీపేటలో కోచింగ్ సెంటర్ల సందులో కోటేష్ నడిపే జిరాక్స్ షాపులో ఈగలు తోలుకోవడం తప్ప పనిలేదు. సరేనన్నాడు. కోటేష్ మంచివాడే, కాకపోతే ఒక్కటే జబ్బు. ఎవరేం అడిగినా తెలియదనే మాట ఆయన నోట రాదు. ఏ కాలేజీలో ఏ సీటు ఎంత ర్యాంకుకు వస్తుందో కూడా జిరాక్సు తీస్తూనే చెప్పేస్తాడు. అది పెద్దమనిషి తరహా అని ఆయన నమ్మకం.

కొత్తపట్నం దాటి ఇసక దారిలో ఇంకాస్త దూరం పోతే నల్లవారిపాలెం. నాగజ్యోతి తమ్ముడు చైతన్యకృష్ణది ఆ ఊరి సచివాలయంలో ఉద్యోగం. గుంటూరులో నాలుగేళ్లు కోచింగుల చుట్టూ తిరిగితే వచ్చిన ఉద్యోగం అది. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాడు. ఖాయం చేసే ఫైలు ఆ వారమే మండలాఫీసులో పెద్దసారు బల్ల మీదికి వెళ్లింది. ఆ పెద్దసారు సంతకం పెట్టడానికి వారం తీసుకుంటాడు గానీ, సస్పెండు చేయడానికి అరగంట చాలు అని పేరు.

అక్కాబావల కోసం చైతన్య వలలు దాచుకునే పాక ఒకటి మాట్లాడి పెట్టాడు. తీరా చూస్తే మూడు రోజుల కిందటి గాలికి దాని కప్పు లేచిపోయింది. ఎండలో నిలబడి అక్క మొహం, పాక మొహం మార్చి మార్చి చూసి, చివరికి సచివాలయం తరఫున తన దగ్గరుండే తుఫాను షెల్టరు తాళంచెవి జేబులోంచి తీశాడు. స్తంభాల మీద కట్టిన పెద్ద హాలు, ఫ్యాన్లు, కుళాయి, సముద్రపు గాలి. తుఫాను వస్తే తప్ప దాని తలుపు ఎవరూ తీయరు.

"ఎవరైనా అడిగితే గవర్నమెంటు పని మీద వచ్చామని చెప్పు బావా. చుట్టాలకిచ్చానని తెలిసిందంటే నా ఉద్యోగం ఊడిపోద్ది," అన్నాడు. మండలాఫీసులో మీటింగు ఉందని, సాయంత్రానికి వస్తానని బండెక్కి వెళ్లిపోయాడు. నాగజ్యోతి మొగుడి వంక చూసి, తమ్ముడి బతుకు మీ నోటిలో ఉంది, జాగ్రత్తగా వాడండి అంది.

కోటేష్ తలుపు తీశాడు. కిటికీలన్నీ తెరిచాడు. చీపురు పట్టి హాలంతా ఊడ్చాడు. స్కూటరు మీదున్న చాపలు, నీళ్ల క్యాను, చిన్న స్టవ్వు, బియ్యం సంచి ఒక్కొక్కటే మెట్లెక్కించాడు. ఇదంతా కింద ఇసకలో చేపలు ఎండబెట్టుకుంటున్న ఎలీసమ్మ అనే ముసలామె చూసింది. ఏంది బాబూ తలుపులు తీశారు అని అడిగింది. గవర్నమెంటు పని అన్నాడు కోటేష్. ఎన్ని రోజులంది. ఇవాళ, రేపు అన్నాడు. రాత్రికి ఉండాల్సి ఉంటదా అంది. ఉండాల్సిందేనని, పాపం, నిజమే చెప్పాడు.

ఎలీసమ్మ తలెత్తి ఆకాశం చూసింది. మబ్బు తునక లేదు. పక్కనున్న కోడలు, మార్చి నెలలో తుఫానేంది అత్తా అనబోయింది. ఈమధ్య అవి నెలలు చూసుకుని వస్తున్నయ్యా అని ముసలామె కసిరింది. ఆరీ ఆరని చేపలన్నీ గంపలోకి ఎత్తడం మొదలుపెట్టింది. ఎంత గాలొచ్చినా కదలని ఎలీసమ్మ చేపలెత్తుతోందంటే పాలెంలో ఇంక అడిగేవాడెవడు?

కోటేష్ స్నానం చేసి, తల తుడుచుకుంటూ బయటికొచ్చేసరికి మెట్ల మీద పదిమంది ఉన్నారు. చంకలో పిల్లలు, చేతుల్లో కోళ్లు. ఒకాయన టీవీని దుప్పట్లో చుట్టి నెత్తిన పెట్టుకున్నాడు. ఎందుకొచ్చారండీ అని కోటేష్ అడిగితే, మీరొచ్చారుగా అన్నారు.

ఇది చుట్టాల బస అని చెబితే బావమరిది కొంప మునుగుతుంది. చెప్పకపోతే వీళ్లు లోపలికొస్తారు. కోటేష్ నీళ్లు నమిలాడు. ఆయన నమిలేలోపల వాళ్లు లోపలికొచ్చేశారు.

వెనకే ఇంకో ముప్పైమంది, వాళ్ల వెనక పాలెమంతా వచ్చింది. ఒంటిపూట బడి వదలగానే హెడ్మాస్టరు పిల్లల్ని వరసలో పెట్టి నేరుగా ఇక్కడికే తోలుకొచ్చాడు. బళ్లో వంట చేసే ఆమె సాంబారు గుండిగెతో సహా వచ్చింది. పేరు రాసుకోండమ్మా, రాయకపోతే తర్వాత బియ్యం ఇవ్వరు అని ఆడవాళ్లు నాగజ్యోతిని చుట్టుముట్టారు. ఆమె వద్దని చెప్పలేక, దారిఖర్చులు రాసుకుందామని తెచ్చుకున్న నోటుబుక్కులో పేర్లు రాయడం మొదలుపెట్టింది. రాస్తూ రాస్తూ, కడుపుతో ఉన్నవాళ్లు కిటికీ పక్కన, ముసలివాళ్లు గోడ వార అని సర్దడం కూడా మొదలుపెట్టింది. చూసేవాళ్లకు అది అచ్చంగా గవర్నమెంటే.

కోటేష్ మేడ మీదికి పరుగెత్తి చైతన్యకు ఫోను చేశాడు. స్విచాఫ్. వాతావరణం కబుర్లు వెతికాడు. ఎక్కడా ఏమీ లేదు. కానీ నాలుగు వందలమంది ఊరికే వస్తారా? సముద్రంతో పుట్టి పెరిగినవాళ్లు, వీళ్లకు తెలియనిది ఫోనుకు తెలుస్తుందా? ఉన్నట్టుండి గాలి కాస్త జోరందుకున్నట్టు అనిపించింది. పోనీ స్కూటరేసుకుని పారిపోదామంటే, దాని చుట్టూ వలలు, మేకలు, ఒక ఫ్రిజ్జు.

అప్పుడొచ్చాడు ఎలీషా. పాలెంలో పడవలవాళ్లందరికీ పెద్ద. గట్టిగా మాట్లాడే మనిషి, ఆ పూట మాత్రం గొంతు తగ్గించాడు.

"సార్, మా పడవలు ఆరు సముద్రం లోపలున్నయ్. వల వేసే టైము. పిలవమంటారా, వద్దా? మీ మాట మీదే చేస్తా."

కోటేష్ జీవితంలో అంత తిన్నని ప్రశ్న ఎవరూ అడగలేదు. పిలవొద్దంటే, ఒకవేళ నిజంగానే తుఫానుంటే? పిలవమంటే, ఆరు పడవల రోజుకూలి నీళ్లపాలు. నాకు తెలియదు అంటే ఒక్క మాటతో తేలిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కింద హాల్లో పేర్లు రాస్తున్న నాగజ్యోతి గుర్తొచ్చింది, ఆమె వెనక తమ్ముడి నాలుగేళ్ల కోచింగు కనిపించింది. పిలవండి అన్నాడు.

ఆ గంటసేపు కోటేష్ పడ్డ యాతన పగవాడికి కూడా వద్దు. మేడ మీద నిలబడి నీళ్ల వంక చూస్తూ ఉన్నాడు. ఒకటొచ్చింది. రెండొచ్చాయి. అయిదొచ్చాయి. ఆరోది రాలేదు. అందులో ఎలీషా అల్లుడున్నాడని, వాడి ఫోను అందడంలేదని కింద గుసగుసలు. ఆ కుర్రాడికి ఏమన్నా అయితే తుఫాను చంపినట్టు కాదు, తను చంపినట్టే అనిపించింది కోటేష్‌కు. కిందికి దిగొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. ఎలీసమ్మ వచ్చి మంచినీళ్లిచ్చింది.

"కిందటి తుఫానప్పుడు ఈ తలుపుకి తాళమేసి ఉంది బాబూ. చెవి ఉన్నాయన ఒంగోల్లో ఉన్నాడు. జోరువానలో గంటన్నర నిలబడ్డాం. నా మనవరాలు ఈ మెట్ల మీదే పుట్టింది. అప్పుడే అనుకున్నాం, ఈ తలుపు తీసింది కనపడితే ముందు లోపలికి దూరాలి, ఎందుకు తీశారో తర్వాత అడగాలి అని."

ఆ మాట విన్నాక కోటేష్ మంచినీళ్ల గ్లాసు కింద పెట్టేశాడు. తుఫాను లేదని, ఎప్పుడూ లేదని, ఉన్నదల్లా తన చాపా, చీపురూనని అప్పటికి బోధపడింది. ఆరో పడవ ఒడ్డుకు తగిలిందని కింద కేక వినిపించేసరికి ఏడుపొచ్చేసింది. ఉద్యోగం ఉన్నా ఊడినా ఇంక ఒక్క అబద్ధం కూడా ఆడనని అక్కడికక్కడే ఒట్టు పెట్టుకున్నాడు. అదే సమయానికి జీపు వచ్చి ఆగింది.

ముందు పెద్దసారు దిగాడు. వెనక చైతన్యకృష్ణ దిగాడు గానీ, మనిషిలో నెత్తురు చుక్క లేదు. పెద్దసారు ఎవరినీ పలకరించకుండా, మెట్లెక్కి నేరుగా కోటేష్ దగ్గరికొచ్చి, చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లాడు.

"సార్, మీరు జిల్లా నుంచా, రాష్ట్రం నుంచా? మాకు ముందొక మాట చెబితే బావుండేది కదండీ."

"బ్రాడీపేట నుంచండీ," అన్నాడు కోటేష్.

ఇంక ఆగలేదు. జిరాక్స్ షాపు, మిరప గుడిసె, లేచిపోయిన పాక, అన్నీ చెప్పేశాడు. తాళంచెవి తనే బలవంతాన లాక్కున్నానని, కుర్రాడి తప్పేమీ లేదని, ఏ శిక్షయినా తనకే వేయమని చేతులు జోడించాడు. పెద్దసారు మెట్టు మీద కూర్చుండిపోయాడు. నాగజ్యోతి నోటుబుక్కు గుండెకు అదుముకుని నిలబడింది. చైతన్య సముద్రం వైపు చూస్తూ, గుంటూరులో మళ్లీ ఏ కోచింగులో చేరాలా అని ఆలోచిస్తున్నట్టున్నాడు.

కాసేపటికి పెద్దసారే నెమ్మదిగా సంగతి చెప్పాడు. మధ్యాహ్నం జిల్లా నుంచి ఫోనొచ్చింది, నల్లవారిపాలెంలో జనాన్ని షెల్టరులోకి చేరుస్తున్నారట, ఏమిటి విషయం అని. నాకు తెలియదు అనడం ఆయనకూ చేతకాలేదు. ముందుజాగ్రత్తగా నేనే చేర్పించానండీ అనేశాడు. జిల్లావాళ్లు ఆ మాటే ఇంకా పైకి చెప్పారు. పైవాళ్లు భేష్ అన్నారు. ఇప్పుడీ కుర్రాణ్ణి సస్పెండు చేస్తే ఎందుకు చేశాడో రాయాలి, రాస్తే తను ఆడిన అబద్ధం కూడా అందులో వస్తుంది.

"మొత్తం జనం రావడానికి ఎంతసేపు పట్టింది?" అని అడిగాడు.

ముప్పావుగంట అని నాగజ్యోతి చెప్పింది. పేర్లున్నాయా అంటే నోటుబుక్కు చేతికిచ్చింది. నాలుగు వందల పన్నెండు మంది, వయసులతో సహా. పెద్దసారు పేజీలు తిప్పుతుంటే ఆయన మొహంలోకి రంగు తిరిగొచ్చింది. పొద్దున మీటింగులో ఆయన కేకలేసింది దీని గురించేనట. తుఫాను తరలింపు మాక్ డ్రిల్ పెట్టమంటే రెండేళ్లుగా ఏ పాలెంలోనూ పట్టుమని పదిమందిని తేలేకపోయారని. ఆయన లేచి నిలబడి, కాలరు సర్దుకున్నాడు.

"చైతన్యకృష్ణా, ఈ డ్రిల్లు ఎవరు పెట్టమన్నారు?"

చైతన్య ఒకసారి అక్క వంక, ఒకసారి బావ వంక చూశాడు.

"మీ ఆదేశాల ప్రకారమే సార్."

డ్రిల్లు జరిగిందని ఊరి తరఫున ఎలీషా సంతకం కావాలి. ఆయన కాగితం చదివాడు, అల్లుడి వంక చూశాడు, కోటేష్ వంక ఇంకా ఎక్కువసేపు చూశాడు. ఆరు పడవలకూ బియ్యం ఇవ్వాలని, తాళంచెవి ఇకనుంచి పాలెంలోనే ఉండాలని రెండు షరతులు పెట్టాడు. పెద్దసారు వాచీ చూసుకుని రెండిటికీ ఒప్పుకున్నాడు. తుఫాను లేదని చెప్పినా జనం మాత్రం కదల్లేదు. ఫ్యాన్లు బాగున్నాయి, సాంబారు ఇంకా ఉంది. హాల్లో కాలు పెట్టే చోటు లేక నిలబడ్డ జంటను చూసి ఎలీసమ్మే జాలిపడింది. మా గుడిసె ఖాళీగానే ఉంది, పోయి పడుకోండి అంది. సూర్యుడు ఇంకా దిగకముందే కోటేష్ ఆ తాటాకు గుడిసెలో నులకమంచం మీద ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడు.

పదిహేను రోజులకు చైతన్యకృష్ణ ఉద్యోగం ఖాయమైనట్టు కాగితం వచ్చింది. నాగజ్యోతి సందులో అందరికీ స్వీట్లు పంచింది. దాని వెనకే, మండలంలో మిగతా పదకొండు పాలేల్లో కూడా డ్రిల్లు జరిపించే బాధ్యత ఇంత అనుభవం ఉన్న ఉద్యోగికే అప్పగించడమైనదని ఇంకో కాగితం వచ్చింది. ఆ సాయంత్రం చైతన్య అక్కకు ఫోను చేశాడు. క్షేమసమాచారాలు అయ్యాక అసలు మాటకొచ్చాడు.

"అక్కా, వచ్చే నెల్లో బావకు పదకొండు రోజులు తీరిక ఉంటుందా?"