మడుగులో లేని వాలుగ

చర్ల మండలం ఇప్పచెలక గుంపు అనే చిన్న గూడెంలో, 2007 వానాకాలంలో, ప్రభుత్వం ఇచ్చిన ఇరవై బాతుపిల్లల్లో పంతొమ్మిది మాయమైన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. జిల్లా పేజీలో ఆ వార్త రాసింది నేనే. స్థలాభావం వల్ల అప్పుడు వదిలేసిన కొన్ని వివరాలు ఇప్పుడు మనవి చేస్తున్నాను.

బాతులు ఆ గూడెంలోని జంపక్కవి. గిరిజన మహిళల అభివృద్ధి కోసం ఒక శాఖ వాటిని ఇచ్చి, ఒక్కొక్కదాని కాలికి అంకె కొట్టిన రేకు కడియం తొడిగి, మడుగు దగ్గర ఫొటో తీసుకుని వెళ్ళింది. అదే వారం ఇంకో శాఖ అదే మడుగులో చేపపిల్లలు వదిలి, ఫొటో తీసుకుని వెళ్ళింది. నవ్వమన్నప్పుడల్లా జంపక్క నవ్వింది. ఈ విధంగా నీటి పైభాగమూ అడుగుభాగమూ ఏకకాలంలో అభివృద్ధి చెందాయి.

తాలిపేరు వాగు వరదకు ఎదురెక్కి వచ్చిన, దొరికిందల్లా మింగే ఒక వాలుగ చేప మాత్రం ఏ శాఖనూ సంప్రదించకుండా మడుగులో కాపురం పెట్టింది. పొద్దున పూట నీళ్ళు చీలేవి, ఒక బాతు తగ్గేది. కళ్ళారా చూసిన జంపక్క మండలాఫీసుకు నడిచి వెళ్ళి చెప్పింది. నష్టపరిహారం ఫారంలో 'చంపిన జంతువు' అన్నచోట పులి, చిరుత, ఎలుగుబంటి ఉన్నాయి. చేప లేదు. గుమాస్తా జాలిపడి ఎలుగుబంటికి టిక్కు పెట్టబోతే ఆమె ఒప్పుకోలేదు. అది ఆమె చేసిన మొదటి తప్పు.

అబద్ధం ఆడనందుకు విచారణ పడింది. సర్కారు బాతులను ఆమే కోసుకు తిన్నట్టు తేలితే, పక్కా ఇళ్ళ జాబితాలో ఆమె పేరు కొట్టేస్తారు. జంపక్క గుడిసె కప్పు నాలుగేళ్ళుగా కారుతోంది. వానొస్తే ఆమె భర్త బొజ్జయ్య పొయ్యి మీద తడిక పట్టుకుని నిలబడాలి, అప్పుడే అన్నం ఉడుకుతుంది. ఇల్లు రాకపోతే ఇంకో నాలుగేళ్ళు నిలబడాలి.

అందుకని బొజ్జయ్య మూడు రోజులు గాలం వేసి కూర్చుని, విచారణ రోజు పొద్దున్నే వాలుగను పట్టాడు. అధికారుల కాళ్ళ ముందు పడేశాడు.

"గిదే సారూ. దీని కడుపు కోసి చూడుండ్రి."

చేపల అధికారి వెంకటనారాయణ గారు గొంతు సవరించుకున్నారు. "మా శాఖ వదిలినవి బొచ్చె, రవ్వ. అవి సాధుజీవులు. వాలుగ మా జాబితాలో లేదు. జాబితాలో లేని చేప మడుగులో ఉండే ప్రశ్నే ఉత్పన్నం కాదు."

"మరి ఇదేంది సారూ?"

"ఇది ప్రస్తుతం నేల మీద ఉందయ్యా."

ఇంత సూక్ష్మంగా ఆలోచించే అధికారి మన మారుమూలకు రావడం మన అదృష్టం.

విచారణాధికారి ప్రేమ్‌సాగర్ గారు గడియారం చూసుకున్నారు. కడుపు ఎలాగూ కోయాలి కాబట్టి పులుసుకు తగ్గట్టు కోయమనీ, పంచనామా భోజనానంతరం పెట్టుకుందామనీ ఆదేశించారు. ఇంతలో వాన పట్టుకుంది. అధికారులూ, వార్త కోసం వాళ్ళ వెంట వచ్చిన నేనూ జీపులో కూర్చున్నాం. బొజ్జయ్య తడిక పట్టుకున్నాడు.

చేప కడుపులో కడియం దొరికింది. నెత్తురూ జిగురూ అంటిన వస్తువును ఇంటికొచ్చిన పెద్దమనుషుల ముందు పెట్టడం వాళ్ళ మర్యాద కాదు. జంపక్క దాన్ని పులుసుకు పిసికిన చింతపండు పిప్పితో, బూడిదతో తళతళలాడేట్టు తోమి, మోదుగాకులో పెట్టి, మేం తిని చేతులు కడుక్కున్నాక తెచ్చింది. ఇది రెండో తప్పు.

ప్రేమ్‌సాగర్ గారు కడియాన్ని తిప్పి చూశారు. అంకె పద్నాలుగు, రిజిస్టరులో ఉన్నదే.

"ఎక్కడ దొరికింది?"

"పొయ్యికాడ సారూ, చాప కడుపుల."

'పొయ్యి దగ్గర' అని రాయించారు. మిగతాది తర్కంతో తేల్చారు. కడుపులో ఉన్న వస్తువు మకిలిగా ఉంటుంది. ఇది మెరుస్తోంది కనుక కడుపులో లేదు. బాతు కడియం పొయ్యి దగ్గర దొరికింది కనుక బాతు పొయ్యి మీదికి వెళ్ళింది. ఇక చేప అంటారా, ముళ్ళు కుక్క ఎత్తుకెళ్ళింది. చేప ఉన్నట్టు ఆధారాలు లేవు.

జంపక్క నెమ్మదిగా అడిగింది. "చాప లేకుంటే మీరు తిన్నదేంది సారూ?"

భోజనం విచారణ పరిధిలోకి రాదు.

మిగిలిన ఇరవయ్యో బాతును రక్షణ నిమిత్తం జీపులోకి ఎక్కించారు. పంచనామాకు సాక్షులుగా డ్రైవరూ నేనూ సంతకాలు పెట్టాం. వాలుగను నేను చూశాను. పులుసు రెండుసార్లు వడ్డించుకున్నాను. సంతకం పెడుతుంటే వేళ్ళు ఇంకా వాసన వేస్తున్నాయి, సిగ్గుగానే అనిపించింది. అయినా పెట్టాను.

ఇళ్ళ జాబితాలోంచి జంపక్క పేరు పోయింది. నా వార్త వచ్చింది: 'సర్కారు బాతులు స్వాహా.' మీరు చదివే ఉంటారు. చదివి, వీళ్ళకు ఎంత ఇచ్చినా ఇంతేనని పక్కవాళ్ళతో అనే ఉంటారు.