స్వావలంబనలో ఫస్ట్ ర్యాంకు

డిష్‌వాషర్‌లో చెంచాలు తల పైకి పెట్టాలా, కిందికి పెట్టాలా అన్న విషయం మీద ఆ ఉదయం మా ఇంట్లో గొడవ నడుస్తోంది. పైకి ఉంటేనే శుభ్రపడతాయని నా వాదన. ఎటున్నా ఫర్వాలేదు, అన్నీ ఒకే వైపు చూడాలని మా ఆయన బెవన్ వాదన. సైన్యంలో ఇరవై రెండేళ్ళు చేసిన మనిషి.

"ఒక్కోటి ఒక్కో వైపు చూస్తే దాన్ని గుంపంటారు, రోస్. వరస అనరు."

"వాటికేమన్నా కవాతుందా ఇవాళ?"

"ఎప్పుడు పిలుపొస్తుందో ఎవరికి తెలుసు?"

మా అత్తగారు డల్సీకి ఎనభై నాలుగేళ్ళు. టీ చల్లార్చుకుంటూ, "నేను చేత్తో కడిగినన్నాళ్ళూ ఈ ఇంట్లో చెంచాల గురించి ఎవరూ నోరెత్తలేదు," అంది.

సరిగ్గా అప్పుడే రేడియోలో మాజీ సైనికుల స్వావలంబన మంత్రి గ్రాంట్ విట్కమ్ గారి గొంతు వినిపించింది. ఆయన మా టౌన్స్‌విల్ వారే కావడం మా అదృష్టం.

"దేశం కోసం అవయవాలు అర్పించిన మన వీరులు ఇకమీదట ఎవరి మీదా ఆధారపడనక్కర్లేదు! 'సొంత కాళ్ళు' పథకం నేటి నుంచే ప్రారంభం. ఒక్కో వీరుడూ ఒంటరిగా బతకగలిగేలా ఒక్కొక్కరి వెనకా పదకొండు మంది సిబ్బందిని నిలబెడుతున్నాం!"

బెవన్ మందుపాతరలు తీసే దళంలో పనిచేశాడు. ఒకదాన్ని అతని కన్నా ముందు అతని కాలు కనిపెట్టింది. పథకం పేరు విని అతను కిందికి చూసుకుని, "మనకు సగం వర్తిస్తుందేమో," అన్నాడు.

మాకు కావలసింది పెద్దదేమీ కాదు. మా బాత్‌రూమ్‌లో మోకాలెత్తు తొట్టి ఉంది. అందులో దిగాలంటే బెవన్ పెట్టుడు కాలు విప్పెయ్యాలి. విప్పితే పట్టుకోవడానికి అక్కడ నేను తప్ప మరేమీ లేదు. ఆరేళ్ళుగా తలుపు బార్లా తీసిపెట్టి, అతని చంకల కింద చేతులు వేసి దింపి, మొహం అటు తిప్పుకుని నిలబడుతున్నాను. పట్టుకోవడానికి మేమే రెండుసార్లు గోడకు కడ్డీ బిగించి చూశాం. రెండుసార్లూ గోడ పెంకులతో సహా ఊడొచ్చింది. పాత ఇల్లు, గోడ లోపలి కలప పుచ్చిపోయింది. గోడ మార్చి తొట్టి తీసేస్తే తప్ప లాభం లేదు, అది మా వల్ల అయ్యే పని కాదు.

"ఒక్కసారి తలుపేసుకుని ఒక్కణ్ణే స్నానం చెయ్యాలనుంది," అని బెవన్ ఈ ఆరేళ్ళలో ఒకే ఒక్కసారి అన్నాడు. అది కూడా గోడ వైపు తిరిగి.

అందుకని దరఖాస్తు పెట్టాం. నాలుగు వారాల్లో స్వావలంబన మండలి నుంచి ఫిలిపా అనే అధికారి రాబోతున్నట్టు కబురొచ్చింది. ఇంట్లో మనిషికి ఏమేం చేతకాదో చూసి రాసుకోవడం ఆవిడ పని.

బెవన్‌కు మాత్రం తనిఖీ అన్న ఒక్క మాటే వినబడింది. ఆ రోజు నాలుగింటికే లేచాడు. దుప్పటి అంచులు మడత నలగకుండా బిగించాడు. గడ్డం గీసుకున్నాడు. వేసుకునే ఒక్క బూటుతో పాటు అవసరం లేని రెండోదాన్నీ మెరిసేలా తోమాడు. ఫిలిపా చేతిలో టాబ్లెట్ కంప్యూటర్‌తో గుమ్మంలో అడుగుపెట్టేసరికి వెన్ను నిటారుగా నిలబడి ఉన్నాడు.

"మెట్లెక్కగలరా?"

"ఎక్కుతాను, మేడమ్."

"వంట?"

"దళం మొత్తానికి వండాను."

"స్నానం?"

బెవన్ వెన్ను ఇంకాస్త నిటారు చేశాడు. "అవుతోంది, మేడమ్."

"అదేమిటి! నేను పట్టుకుంటేనే కదా..." అన్నాను.

ఫిలిపా మర్యాదగా చెయ్యి అడ్డం పెట్టింది. "ప్రశ్న ఆయనకండీ. ఇది స్వావలంబన పథకం. వారి తరఫున ఇంకొకరు మాట్లాడకూడదు."

ఆ నియమంలోని ఔన్నత్యం నాకు వెంటనే తట్టలేదు. వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది. బెవన్‌కు నూటికి తొంభైనాలుగు వచ్చాయట. ఆయన స్వాతంత్ర్యం చూసి దేశం గర్విస్తోందట. కనుక ఏ సహాయమూ అవసరం లేదట.

"వీడి తండ్రీ ఇంతే," అంది డల్సీ. "ఇల్లు అంటుకుంటే, కాస్త వెచ్చగా ఉందేమిటి అనేవాడు."

పునఃపరిశీలనకు రాశాను. రెండోసారి ఫిలిపా వచ్చే ముందు రోజు బెవన్‌ను కూర్చోబెట్టి చెప్పాను. "అబద్ధం చెప్పమనడం లేదు. నిజం చెప్పు. చేతకాదు అను. ఏదీ, ఒకసారి అను."

"చే..." అన్నాడు బెవన్. చెమట పట్టింది. "రేపటికి వచ్చేస్తుందిలే, రోస్."

రేపటికి రాలేదు. మా వాకిట్లోకి వస్తుండగా ఫిలిపా కారు టైరు పంక్చరైంది. నేను చూస్తుండగానే బెవన్ జాకీ పెట్టి, పడుకుని, దొర్లి, పదిహేను నిమిషాల్లో టైరు మార్చేశాడు. లేచి చేతులు తుడుచుకుని, "స్టెప్నీలో గాలి తక్కువుంది, చూసుకోండి," అన్నాడు. ఫిలిపా కళ్ళు చెమర్చాయి. ఈసారి తొంభైయేడు.

"నేలమీద పాకుతూ చేశాడు కదండీ!" అన్నాను.

"అవును, ఎంత స్వతంత్రంగా పాకారో!" అంది.

మూడో రోజున మంత్రిగారి ఆఫీసు నుంచి ఫోను. ఉత్తర క్వీన్స్‌లాండ్ మొత్తంలో ఇవే అత్యధిక మార్కులట. ఆదర్శ స్వావలంబి సర్టిఫికెట్ ఇవ్వడానికి మంత్రిగారే స్వయంగా విచ్చేస్తున్నారట.

"బాత్‌రూమ్‌లో మీవారు కడ్డీ పట్టుకుని నిలబడ్డ ఫోటో ఒకటి కావాలండీ," అంది ఫోనులో అమ్మాయి.

"మాకు కడ్డీ లేదమ్మా."

"అదెంత పని!"

మర్నాడు ఇద్దరు మనుషులు వచ్చారు. తళతళలాడే స్టీలు కడ్డీని మా గోడకు టేపుతో అంటించారు.

"బోల్టులు కొట్టరా?" అని అడిగాను.

"బోల్టులకు మండలి అనుమతి కావాలి. మీరు అర్హులు కారుగా. ఫోటోకి టేపు చాలు. మళ్ళీ సాయంత్రం పీకి, కెయిర్న్స్‌లో ఇంకొకరింట్లో అంటించాలి."

విట్కమ్ గారు సరిగ్గా పదింటికి వచ్చారు. వెంట పదకొండు మంది. పథకంలో చెప్పిన లెక్క తప్పలేదు. ఇంత మాట నిలుపుకునే నాయకుణ్ణి నేను దగ్గర్నుంచి చూడటం అదే మొదలు. తొట్టి మెరవాలని ఫోటోగ్రాఫరు నీళ్ళు చల్లించాడు.

"సార్, ఆ కడ్డీ..." అన్నాడు బెవన్.

"మేట్, ఇవాళ నువ్వేం మాట్లాడక్కర్లేదు. నీ మొహం చాలు మాకు." మంత్రిగారు బూట్లు విప్పి, ప్యాంటు పైకి మడిచారు. "స్వావలంబన అంటే ఏమిటో ముందు నేను చూపిస్తాను. తర్వాత నువ్వు."

తొట్టిలోకి దిగారు. కడ్డీ అందుకుని, కెమెరా వైపు నవ్వి, బరువంతా దాని మీద మోపారు.

ఆయన వెల్లకిలా పడ్డారు గాని కడ్డీని మాత్రం వదల్లేదు. గుండెలకు హత్తుకునే ఉన్నారు. ఆ పట్టుదల నేను మరెవరిలోనూ చూడలేదు.

పదకొండు మందీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బెవన్ తొట్టి అంచు మీద కూర్చుని, మంత్రిగారిని భుజానికెత్తి ఇవతలికి చేర్చాడు. ఫిలిపా అలవాటు కొద్దీ టాబ్లెట్ తెరిచింది.

"లేవగలరా, సార్?"

"నా నడుము! అమ్మోయ్, చచ్చాను!"

"మెట్లెక్కగలరా?"

"వేలు కూడా కదలడం లేదమ్మా!"

"స్నానం?"

"ఈ జన్మలో ఆ మాటెత్తకు!"

ఫిలిపా కూడిక చూసి నిట్టూర్చింది. "నూటికి పదకొండు. ఇంత నిజాయితీగా జవాబులిచ్చిన మనిషిని ఈ ఉద్యోగంలో చూడలేదండీ."

బెవన్ సర్టిఫికెట్ మీద సంతకం ఆయన అంబులెన్సులో పడుకునే పెట్టారు. విధి నిర్వహణ అంటే అదీ.

మంత్రిగారు స్కూల్లో ఉండగా రెండు వారాలు క్యాడెట్‌గా కవాతు చేశారని, కనుక ఆయనా మాజీ సైనికుల కిందికే వస్తారని మండలి సాయంత్రంలోగా తేల్చింది. తొమ్మిది రోజుల్లో కొండ మీది ఆయన ఇంట్లో గోడ మారింది, తొట్టి పోయింది. పథకానికి తొలి లబ్ధిదారు మన విట్కమ్ గారేనని పత్రికలో రంగుల ఫోటోతో వచ్చింది. సొంత పథకాన్ని ముందుగా తన ఒంటి మీదే పరీక్షించి చూసుకునే నాయకులు ఈ రోజుల్లో ఎంతమంది?

ఆ ఆదివారం మధ్యాహ్నం గొర్రెమాంసం రోస్టు చేశాను. బంగాళాదుంపలు, గుమ్మడికాయ ముక్కలు, పుదీనా సాసు. ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. బెవన్ కత్తీ ఫోర్కూ కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"సోమవారం నుంచి ఉద్యోగంలో చేరుతున్నాను."

"ఏం ఉద్యోగం?" అన్నాను.

"మంత్రిగారికి సహాయకుణ్ణి. ఆ పనికి స్వావలంబన మార్కులు తొంభై దాటాలట. ఊళ్ళో నావే దాటాయి."

"ఏం చెయ్యాలిరా అక్కడ?" అంది డల్సీ.

"పొద్దున్నే ఆయన్ని స్నానానికి తీసుకెళ్ళి, తీసుకురావాలి."

"బాగుంది," అన్నాను. "ఆయన సంగతి నువ్వు చూస్తావు. అంత పొద్దున్నే వెళ్ళిపోతే నీ స్నానం మాటేమిటి?"

"ఆయనయ్యాక అక్కడే చేసొస్తాను. అడిగాను, సరేనన్నాడు. కడ్డీలు నాలుగున్నాయి, రోస్. కూర్చోడానికి బల్ల ఉంది." బెవన్ గ్రేవీ గిన్నె తన వైపు లాక్కున్నాడు. "తలుపుకి లోపలినుంచి గడియ కూడా ఉంది."