తిరుగు ప్రయాణానికి పతకం

జకార్తా నుంచి దేశం తూర్పు కొసనున్న జయపురకు విమానంలో ఏడు గంటలు పడుతుందనీ, జయపుర నుంచి జకార్తాకు మాత్రం మూడు గంటలే పడుతుందనీ ఆ విమాన సంస్థ లెక్కల విభాగం ఎంతో శ్రమించి కనిపెట్టింది. ఎక్కిన చోట గోడ గడియారం, దిగిన చోట గోడ గడియారం చూసి తీసివేత చేశారు. జయపుర గడియారాలు రెండు గంటలు ముందు నడుస్తాయన్న అల్పవిషయాన్ని, పరిశోధనకు అడ్డం రాకుండా, పక్కన పెట్టారు.

ఫలితంగా కెప్టెన్ హెరు సస్మితకు ఒకేరోజు రెండు కాగితాలు అందాయి. వెళ్లేటప్పుడు కాలహరణం చేసినందుకు సంజాయిషీ ఇవ్వాలని ఒకటి. వచ్చేటప్పుడు చూపిన అసాధారణ వేగానికి బంగారు పతకం ఇస్తున్నామని రెండోది.

హెరు తన కోపైలట్ యోసెఫినాను వెంటబెట్టుకుని డైరెక్టర్ దర్సోనో గదికి పరుగెత్తాడు. ఆమెది జయపురే.

"సార్, మా ఊళ్లో పొద్దు ముందు పొడుస్తుంది, అంతే. విమానం ఎటెళ్లినా ఐదు గంటలే ఎగురుతుంది" అంది యోసెఫినా.

దర్సోనో రొయ్యల అప్పడం కరకరలాడించాడు. "పొద్దు పొడవడం మన శాఖ కిందికి రాదమ్మాయీ." హెరు వైపు తిరిగాడు. "పోనీ, లెక్క తప్పే అనుకుందాం. మెమో చించేస్తా. మరి పతకం? అదీ ఆ లెక్కతో వచ్చిందేగా?"

హెరు పతకం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పొద్దున్నే భార్య బాతిక్ చొక్కా ఇస్త్రీ చేసిపెట్టింది. అత్తగారు సన్మానానికి వీధి వీధంతా పిలిచేసింది.

"ఆలోచించి చెప్తాను సార్" అన్నాడు, యోసెఫినా ముఖం చూడకుండా.

ఆలోచించాడు. వెళ్లేటప్పుడు కోపైలట్ సొంత ఊరి కొండలు చూస్తూ పరధ్యానంలో పడుతోందని సంజాయిషీ రాసిచ్చాడు. యోసెఫినాను సామాన్లు తూచే చోటికి బదిలీ చేశారు.

సన్మాన సభలో హెరు గద్గద స్వరంతో ప్రసంగించాడు: "వేగం ఇంజనులో ఉండదు సోదరులారా, క్రమశిక్షణలో ఉంటుంది!" చప్పట్లు మోగిపోయాయి. ఆ ఉత్సాహంలోనే దర్సోనో చరిత్రాత్మక ప్రకటన చేశాడు: నష్టం తెచ్చే, జయపురకు వెళ్లే విమానాలు రద్దు. వచ్చే నెల నుంచి జయపుర నుంచి తిరిగొచ్చే విమానాలు మాత్రమే నడుస్తాయి.

"మరి విమానం అక్కడికెలా చేరుతుంది?" అని వెనకనుంచి యోసెఫినా అడిగింది.

"ఎప్పుడూ వంకలేనా? కూర్చో!" అని సభ యావత్తూ కసిరింది.

మర్నాడు జకార్తాలో తిరుగు టికెట్ల కౌంటరు ముందు వరస రోడ్డు దాకా పాకింది. సామాన్ల తూకం దగ్గర్నుంచి వచ్చిన యోసెఫినా ఆఖరున నిలబడ్డ పెద్దమనిషిని ఆగబట్టలేక అడిగింది.

"అయ్యా, మీరు జయపురలో లేరు కదా. అక్కణ్ణుంచి తిరిగెలా వస్తారు?"

"అది తర్వాత చూసుకోవచ్చమ్మా. ముందు టికెట్ దొరకనీ" అన్నాడాయన, మోచెయ్యి అడ్డం పెడుతూ. "చదువుకున్నదానిలా ఉన్నావు, మాటల్లో పెట్టి మధ్యలో దూరతావా? వెనక్కెళ్లి నిలబడు!"

ఆమె వెనక అప్పటికే మరో పదిమంది చేరారు.