పురుషోత్తమ శిఖరం చలవ

ఉగాది నాడు సూర్యాపేటలో సభ పెట్టి కొత్త అధికారి పురుషోత్తమంగారు ప్రకటించారు: "రోహిణి కార్తెకల్లా మీకు ఊటీ తెచ్చిస్తాను." విలేకరిని కనుక అందరికంటే ముందు నేనే చప్పట్లు కొట్టాను.

పోలీసు చర్య తర్వాత కోస్తా నుంచి మమ్మల్ని ఉద్ధరించడానికి వచ్చినవారిలో ఇంత ముందుచూపు ఉన్న మనిషిని నేను చూడలేదు. నిజాం పాలన పోయింది గాని ఎండ పోలేదు. కోదాడలో అదే ఎండ, మిర్యాలగూడలో అదే ఎండ. దానిమీద చర్య తీసుకోవాలని ఆయనకు తప్ప ఎవరికీ తట్టలేదు.

ఊటీ కోసం కోదాడ బాటలోని మేకల గుట్టను ఎంపిక చేశారు. సర్వేయర్ హీరాలాల్ నసిగాడు.

"హుజూర్, గిది నాలుగు తాటిచెట్లంత గూడ లేదు."

"ఎక్కణ్ణుంచి కొలిచావు?"

"కిందికెళ్లి."

"అదే తప్పు. శిఖరాన్ని సముద్రం నుంచి కొలవాలి. సముద్రం ఇక్కడికి ఎంత దూరమో తెలుసా?"

హీరాలాల్‌కు తెలుసు. గుట్ట ఆ సాయంత్రమే శిఖరమైంది. తన పేరు మాత్రం పెట్టవద్దని అయ్యగారు గట్టిగా ఆజ్ఞాపించారు. ఆయన ఆజ్ఞల్లో కాదనదగ్గది అదొక్కటే కనుక అందరం కలిసి కాదన్నాం. పురుషోత్తమ శిఖరం అని బోర్డు రాయించాం.

ఇక వాతావరణం. పైన బండ పెనంలా కాలుతోంది. అందుకని శిఖరం వాతావరణాన్ని కిందనే కొలిచారు. గుట్టకు తూర్పున అంజమ్మ గుడిసె. పొద్దు వాలితే గుట్ట నీడ ఆమె వాకిట్లో పడుతుంది. పక్షవాతం వచ్చిన పెనిమిటి లింగస్వామిని గుడిసె ఉడుకులోంచి తెచ్చి ఆ నీడలో పడుకోబెడుతుంది. అయ్యగారు ఆ మంచం పక్కనే కూర్చుని, ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి, థర్మామీటరు చూసి మురిసిపోయారు.

"ఆహా, ఏం శిఖరం! ఏం చలవ!"

శిఖరానికి మోటారు వెళ్లాలంటే రోడ్డు కావాలి. కంట్రాక్టర్ శంకరయ్య ఉపాయం చెప్పాడు.

"కంకర కోదాడకెళ్లి తోలితే కార్తె దాటిపోతది సార్. గుట్టనే కొడదాం."

"శిఖరానికి దారి శిఖరమే ఇస్తోంది!" అన్నారు అయ్యగారు. పత్రికలో దాన్నే హెడ్డింగు చేశాను.

అంజమ్మ ఉరికొచ్చింది. "సారూ, గుట్ట పోతే మాకు నీడ యాడికెళ్లి వస్తది? గుడిసెల ఉడికి సస్తడు మా ఆయన. మీరు గూడ గీడనే కూసుంటిరి గద!"

అయ్యగారు కోప్పడలేదు. "చల్లదనం నీడది కాదమ్మా, ఎత్తుది. భూగోళం చదువుకోలేదు, నీ తప్పేముంది?"

ఆమె నా వైపు చూసింది. నేను పెన్సిల్ చెక్కుకున్నాను.

రోహిణి కార్తెలో, నడిమధ్యాహ్నం దాటాక, ప్రారంభోత్సవం. రోడ్డు అద్దంలా ఉంది. రిబ్బన్ కత్తిరించారు. మోటారు ఎక్కడా మూలగకుండా, ఎక్కడా ఎక్కకుండా, ఆగింది.

"శిఖరమేదయ్యా?"

"దానిమీదికెళ్లే వచ్చినం సార్," అన్నాడు శంకరయ్య.

అయ్యగారు చెమట తుడుచుకుంటూ చలవ కోసం అంజమ్మ వాకిట్లోకి నడిచారు. అక్కడ ఎండ నిప్పులు చెరుగుతోంది. మంచంమీద లింగస్వామి నోరు తెరుచుకుని ఎగపోస్తున్నాడు. అంజమ్మ రెండు చేతులూ పైకెత్తి, కొంగు పరిచి, అతని మొహంమీద నీడ పడేలా నిలబడి ఉంది.

అయ్యగారు వంగి ఆ కొంగు కిందికి దూరారు. కాసేపు కళ్లు మూసుకున్నారు.

"చూశారా, శిఖరం ఎక్కడికీ పోలేదు," అన్నారు. "థర్మామీటరు తెండి."

బోర్డు తెచ్చి మంచం కోడు పక్కన పాతారు. మేమందరం చప్పట్లు కొట్టాం. అంజమ్మ చేతులు దించలేదు.